పారిష్‌కి రావాల్సిన లెవీ డబ్బు బరో ఆపేసిందట, సంతకం పెట్టాలా వద్దా?

కొత్తిల్లు_బెర్క్‌షైర్
పోయిన వారం మా ఎస్టేట్‌లో ఇంటింటికీ పారిష్ కౌన్సిల్ ఉత్తరం వేసింది. మా ఇళ్ళు కట్టిన బిల్డర్ బరో కౌన్సిల్‌కి కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ కట్టాడు కదా, అందులో పారిష్ వాటా 25 శాతమట. బరో వాళ్ళు 15 శాతం కింద లెక్కేసి, ఆపైన ఏదో పరిమితి ఉందని దాన్ని కూడా కోసి చేతిలో పెట్టారట. అందరం సంతకాలు పెడితే బరో మీద ఒత్తిడి తెస్తామంటున్నారు.

నా బాధ వేరే. వచ్చిన ఆ కాస్త డబ్బుతో పాత ఊళ్ళో విలేజ్ హాల్ పైకప్పు మార్పించారు, క్రికెట్ పెవిలియన్ బాగు చేయించారు. మా ఎస్టేట్ పార్కులో ఉయ్యాల గొలుసులు పైకి చుట్టేసి, చుట్టూ ఎరుపు తెలుపు టేపు కట్టి పోయారు. అది వానకి నాని సగం కింద వేలాడుతోంది. పారిష్‌ని అడిగితే మేనేజ్‌మెంట్ కంపెనీని అడగమంటుంది. కంపెనీ వాళ్ళు బిల్డర్ ఇంకా అప్పగించలేదంటారు. బిల్డర్ ఫోనే ఎత్తడు. కౌన్సిల్ టాక్స్ బిల్లులో పారిష్ ప్రిసెప్ట్ (పారిష్‌కి వెళ్ళే పన్ను వాటా) మాత్రం పాత ఊరివాళ్ళతో సమానంగా కడుతున్నాం, దానిపైన ఎస్టేట్ చార్జీ అదనం.

మా ఇళ్ళ మీద వచ్చిన డబ్బు మాకే దక్కనప్పుడు వాళ్ళకి ఇంకా తెచ్చిపెట్టడానికి నేనెందుకు సంతకం పెట్టాలి? ఈ లెవీ గొడవ తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?

పండుమిర్చి
నేనైతే పెట్టను. అడిగినప్పుడు మొహం చాటేసి, అవసరమైతే ఇంటికొచ్చేవాళ్ళని ఊళ్ళోనూ చూశాం, ఇక్కడా చూస్తున్నాం.

ఓరుగల్లోడు
ఇంగ్లండ్‌ల గూడ సర్పంచ్‌కు మున్సిపాలిటీకి పంచాయితేనా! పారిష్ అంటే చర్చి కమిటీ కాదా? జర ఎవరన్న మొదటి నుంచి చెప్పుండ్రి.

క్లర్కమ్మ
చర్చికీ దీనికీ 1894 చట్టంతోనే తెగిపోయింది. చర్చి కమిటీ వేరే ఉంటుంది. ఇది ఎన్నికైన కౌన్సిల్, అచ్చం గ్రామ పంచాయతీలా. బరో, డిస్ట్రిక్ట్ అంటే దాని పైనుండే పెద్ద కౌన్సిల్. నేను ఇంకో కౌంటీలో ఒక పారిష్‌కి పార్ట్ టైమ్ క్లర్క్‌గా చేస్తున్నాను కాబట్టి రోజూ చేతుల్లో నలిగే సంగతే.

ఈ లెవీని ఇక్కడ అందరూ "సిల్" అంటారు. 2008 ప్లానింగ్ చట్టంలో పెట్టారు, 2010లో నిబంధనలు వచ్చాయి. బరో గానీ డిస్ట్రిక్ట్ గానీ కావాలనుకుంటేనే వసూలు చేసుకుంటుంది, తప్పనిసరి కాదు. కొత్తగా కట్టే కట్టడానికి చదరపు మీటరుకి ఇంత అని రేటు. 2013 ఏప్రిల్ నుంచి అందులో ఒక వాటా పారిష్‌కి ఇచ్చి తీరాలన్నారు. నైబర్‌హుడ్ ప్లాన్ (ఎక్కడ ఏం కట్టాలో ఊరివాళ్ళు తయారుచేసుకుని ఓటుతో ఖరారు చేసుకునే ప్రణాళిక) లేని పారిష్‌కి 15 శాతం. దానికీ పరిమితి ఉంది: ఆ పారిష్‌లో కౌన్సిల్ టాక్స్ కట్టే ఇల్లు ఒక్కోదానికి ఏడాదికి 100 పౌండ్లు, సూచీ ప్రకారం ఏటా సవరిస్తారు. నైబర్‌హుడ్ ప్లాన్ ఉంటే 25 శాతం, పరిమితే లేదు. మిగతాది బరో దగ్గరే ఉంటుంది. అందులో 5 శాతం దాకా ఆఫీసు ఖర్చులకి వాడుకోవచ్చు.

కొత్తిల్లు గారూ, రెండు తేదీలు చెప్పండి. మీ పారిష్ నైబర్‌హుడ్ ప్లాన్ ఎప్పుడు ఖరారైంది, బిల్డర్‌కి పర్మిషన్ ఎప్పుడు వచ్చింది? గొడవంతా అక్కడే ఉండుంటుంది.

స్వాతి_రెడింగ్
మా రెడింగ్‌లో అసలు పారిష్‌లే లేవు, ఈ తలనొప్పి లేదు.

క్లర్కమ్మ
@స్వాతి_రెడింగ్ తలనొప్పి లేదు కానీ చెక్కు కూడా లేదు. పారిష్ లేని చోట ఆ వాటా కౌన్సిల్ దగ్గరే ఉండిపోతుంది. ఎక్కడ ఖర్చు పెట్టాలో స్థానికులని అడిగి వాళ్ళే పెడతారు. అడుగుతారు చూడండి, ఆ కన్సల్టేషన్ ఈమెయిల్ వస్తే చెత్తబుట్టలో వేయకండి. లండన్‌లో అయితే మొత్తానికి ఒక్కటే పారిష్, వెస్ట్‌మిన్‌స్టర్‌లో క్వీన్స్ పార్క్. అది కూడా 2014లో వచ్చింది.

కొత్తిల్లు_బెర్క్‌షైర్
ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. అవుట్‌లైన్ పర్మిషన్, అంటే స్థూలంగా ఒప్పుకున్నది, 2017. నైబర్‌హుడ్ ప్లాన్ రెఫరెండం అయ్యి 2019లో ఖరారు. రిజర్వ్‌డ్ మ్యాటర్స్, అంటే అప్పుడు వదిలేసిన వివరాలకి ఆమోదం 2020. మొత్తం 130 ఇళ్ళు, అందులో 40 అఫర్డబుల్ (తక్కువ ఆదాయం వాళ్ళ కోసం). పాత ఊళ్ళో 420 ఇళ్ళు. రేటు చదరపు మీటరుకి 150 పౌండ్లు అని రాశారు. పర్మిషన్ 2017దే కాబట్టి ప్లాన్ తర్వాత వచ్చినట్టే, 15 శాతమే అన్నది బరో వాదన.

క్లర్కమ్మ
అనుకున్నాను. చూడవలసింది కాగితం మీద మొదటి పర్మిషన్ ఎప్పుడొచ్చిందని కాదు. ఆ పర్మిషన్ కట్టుకోవడానికి మొదటిసారి వీలిచ్చింది ఎప్పుడన్నది. సిల్ నిబంధనలు ఆ భాషలోనే మాట్లాడతాయి. అవుట్‌లైన్ చేతిలో ఉంటే ఒక్క ఇటుక కూడా పెట్టలేరు, రిజర్వ్‌డ్ మ్యాటర్స్ అయితేనే పని మొదలు. మీ ఊళ్ళో ఆ ఆమోదం 2020, ప్లాన్ 2019. పారిష్‌కి 25 శాతం అడిగే హక్కు ఉన్నట్టే కనిపిస్తోంది.

ప్లాన్‌గీత
ప్లానింగ్ కన్సల్టెన్సీలో పనిచేస్తాను, కాస్త అడ్డు తగులుతా. క్లర్కమ్మ గారు చెప్పింది సరైనదే కానీ అంత సాఫీగా తేలదు. ఆ తేదీ ఎలా లెక్కించాలో 8వ నిబంధన చెబుతుంది, పారిష్ వాటా సంగతి 59ఏలో ఉంటుంది. రెండూ కలిపి చదవాలి. ఎస్టేట్‌ని దశలుగా కట్టేటట్టు అవుట్‌లైన్‌లో రాసుంటే ప్రతి దశకీ తేదీ వేరు. మొదటి దశ ప్లాన్‌కి ముందు, రెండో దశ తర్వాత అయ్యే సందర్భాలూ ఉంటాయి. పైగా బిల్డర్లు మధ్యలో సెక్షన్ 73 కింద షరతులు మార్పించుకుంటారు. అప్పుడు చట్టం దృష్టిలో అది కొత్త పర్మిషన్.

కాబట్టి ముందు చూడాల్సింది లయబిలిటీ నోటీసు, అంటే ఎంత లెవీ కట్టాలో బరో పంపే కాగితం. దాని మీద ఏ అప్లికేషన్ నంబరు ఉందో, ఏ దశకి ఎంత వేశారో ఉంటుంది. అది చూడకుండా ఉత్తరాలు రాస్తే బరో ఆఫీసర్ రెండు లైన్ల జవాబు ఇచ్చి మూసేస్తాడు.

లెక్కలమాస్టారు
సందు దొరికింది కదా, లెక్క వేద్దాం. అఫర్డబుల్ 40 ఇళ్ళకి మినహాయింపు వస్తుంది, తీసేయండి. మిగిలినవి 90. సగటున 100 చదరపు మీటర్లు అనుకుంటే 9,000 చదరపు మీటర్లు. 150 పౌండ్ల చొప్పున 13,50,000 పౌండ్లు. సూచీ సర్దుబాటు పక్కన పెడుతున్నా.

15 శాతం అంటే 2,02,500. కానీ పరిమితి: 420 ఇళ్ళు, ఇంటికి 100, అంటే ఏడాదికి 42,000. 25 శాతం అయితే 3,37,500, పరిమితి లేదు.

మీ పారిష్ కొట్లాడుతున్నది 15కీ 25కీ మధ్య పది శాతం కోసమని అనుకుంటున్నారు మీరంతా. కాదు. 42 వేలకీ మూడు లక్షల ముప్పై ఏడు వేలకీ మధ్య. ఎనిమిది రెట్లు.

పండుమిర్చి
ఓర్నాయనో. ఇప్పుడర్థమైంది వాళ్ళు గడపగడపకీ ఎందుకొచ్చారో.

మిడ్‌ల్యాండ్స్_మావయ్య
లెక్కల మాస్టారు గారూ, ఒకటి వదిలేశారు. పరిమితి ఆర్థిక సంవత్సరానికి. బిల్డర్ వాయిదాల్లో కట్టి ఉంటే, కొంత ఒక ఏడాదిలో, కొంత తర్వాతి ఏడాదిలో పడి ఉంటే పారిష్‌కి రెండుసార్లు 42,000 వస్తుంది. మా పక్క ఊళ్ళో మూడేళ్ళలో పడింది, వాళ్ళకి ఆ పరిమితి అసలు తగల్లేదు. డబ్బు ఏ మార్చిలో వచ్చింది, ఏ ఏప్రిల్‌లో వచ్చింది అన్నదాన్ని బట్టి వేలల్లో తేడా.

లెక్కలమాస్టారు
నిజమే. రెండేళ్ళయితే 84,000. అయినా మూడున్నర లక్షలకి దరిదాపుల్లో లేదు.

మిడ్‌ల్యాండ్స్_మావయ్య
అది సరే. అసలు ప్రశ్నకి వస్తా. "మా ఇళ్ళ మీద వచ్చిన డబ్బు" అంటున్నారు కొత్తిల్లు. ఆ మాట నాకు మింగుడు పడదు. కట్టింది బిల్డర్. అతను స్థలం కొనేటప్పుడే లెవీ ఇంత పడుతుందని లెక్కేసుకుని రైతుకి ఆమేరకు తక్కువిస్తాడు. మీ ఇంటి ధర పక్క ఊళ్ళో ఇళ్ళ ధరని బట్టి ఉంటుంది, లెవీని బట్టి కాదు. లెవీ లేకపోయినా బిల్డర్ మీకు ఒక్క పౌండు తగ్గించేవాడు కాదు. ఆ డబ్బు మీది కాదు, పారిష్‌ది కూడా కాదు. కొత్త ఇళ్ళ వల్ల ఆ ప్రాంతం మీద పడే బరువు దింపడానికి ఇచ్చింది.

కొత్తిల్లు_బెర్క్‌షైర్
మావయ్యా, సిద్ధాంతం బాగుంది. కొత్త ఇళ్ళ బరువు దింపడానికే అయితే పెవిలియన్‌కి ఎందుకు? మా పిల్లలెవరూ అక్కడ ఆడటం లేదు.

మిడ్‌ల్యాండ్స్_మావయ్య
ఎందుకు ఆడటం లేదు? శనివారం పొద్దున కోల్ట్స్ కోచింగ్‌కి పంపి చూడు. మా ఊళ్ళో అండర్ 11 టీమ్‌లో సగం మన పిల్లలే, స్కోరు రాసేది ఒక నెల్లూరు నాన్న.

పండుమిర్చి
ఆ నాన్న అందుకే అంపైర్‌తో వాదిస్తాడు.

క్లర్కమ్మ
ఖర్చు సంగతి చెప్పాలి. 59సీ నిబంధన పారిష్‌కి చాలా స్వేచ్ఛ ఇచ్చింది. మౌలిక సదుపాయాలు కొత్తగా పెట్టడం, మెరుగు చేయడం, మార్చడం, నడపడం, బాగు చేయించడం, ఏదైనా సరే. అవి కాకపోయినా అభివృద్ధి వల్ల ఆ ప్రాంతంలో పడ్డ అవసరాలు తీర్చేది ఏదైనా. బరో చేతిలో ఉన్న మిగతా డబ్బుకి ఇంత వెసులుబాటు లేదు. విలేజ్ హాల్ పైకప్పు చట్టప్రకారం తప్పు కాదు. న్యాయమా అంటే అది మీ కౌన్సిలర్లని అడగాల్సిన ప్రశ్న.

ఇంకోటి, ఆ డబ్బు చేతికొచ్చిన అయిదేళ్ళలో ఖర్చు కాకపోతే బరో వెనక్కి అడగవచ్చు. చాలా పారిష్‌లు చివరి ఏడాదిలో హడావిడిగా పైకప్పులూ బెంచీలూ కొట్టేది అందుకే. మా దగ్గర కూడా ఒక ఏడాది బెంచీల మీద బెంచీలు వచ్చాయి, కూర్చునేవాళ్ళు లేరు.

ఓరుగల్లోడు
మా దిక్కు గిదే కథ, వేరే తీరు. లేఅవుట్ కొట్టినోడు పార్కు కోసం పది శాతం జాగ గిఫ్ట్ డీడ్ మీద పంచాయతీకి రాసియ్యాలె. రాసిస్తడు. తర్వాత ఆ జాగల గుడి లేస్తది, లేకుంటే సంఘం ఆఫీసు. ఇంకొన్ని రోజులైతే ఊరే మున్సిపాలిటీల కలుస్తది, గప్పుడు కాయితం ఎవరి బీరువల ఉన్నదో ఎవలకు ఎర్క? హైడ్రా వచ్చినంక 2024ల పార్కు జాగలు కొన్ని బయటవడ్డయి గని.

నిజాంపేట_టు_లండన్
ఓరుగల్లన్నా, అక్కడ కనీసం స్థలం పేరు మీద రాస్తారు. ఇక్కడ పార్కు, రోడ్డు, వాననీటి చెరువు అన్నీ ఒక ప్రైవేటు మేనేజ్‌మెంట్ కంపెనీ పేరు మీద పెట్టి మనచేత జీవితాంతం కట్టించుకుంటున్నారు. 2024లో పోటీ నియంత్రణ సంస్థ ఇళ్ళ నిర్మాణం మీద ఇచ్చిన నివేదిక చూడండి. పదకొండు పెద్ద కంపెనీలు 2021–22లో అమ్మిన కొత్త ఇళ్ళలో 80 శాతానికి ఈ ఎస్టేట్ చార్జీ ఉందట. అంటే ఇది మన ఒక్క ఎస్టేట్ ఖర్మ కాదు.

నా లెక్కలో కొత్తిల్లు గారి అసలు శత్రువు పారిష్ కాదు, ఆ ఏర్పాటు.

కొత్తిల్లు_బెర్క్‌షైర్
శత్రువు ఎవరైనా, నాకు ఎదురుగా కనిపించేది పారిష్ ఒక్కటే. మిగతా ఇద్దరికీ మొహాల్లేవు.

ప్లాన్‌గీత
కొత్తిల్లు గారూ, పార్కు విషయంలో సిల్‌ని పక్కన పెట్టండి. మీ ఎస్టేట్ పార్కు సెక్షన్ 106 ఒప్పందంలో, అంటే పర్మిషన్ కోసం బిల్డర్ బరోకి రాసిచ్చే ఒప్పందంలో ఉంటుంది. ఆ ఒప్పందం పబ్లిక్ డాక్యుమెంట్, బరో ప్లానింగ్ వెబ్‌సైట్‌లో అప్లికేషన్ నంబరు కొడితే దొరుకుతుంది. యాభై అరవై పేజీలుంటుంది, భయపడకండి, "ఓపెన్ స్పేస్" అని వెతకండి. ఎన్నో ఇంట్లో జనం దిగేలోపు పార్కు పూర్తి చేయాలో, దాన్ని ఎవరికి అప్పగించాలో, అప్పగించేటప్పుడు నిర్వహణకి ఎంత డబ్బు ఇవ్వాలో అందులో రాసుంటుంది. బిల్డర్ ఆ గడువు దాటి ఉంటే బరో ఎన్‌ఫోర్స్‌మెంట్ వాళ్ళు కదలాలి. పారిష్‌ని తిట్టి లాభం లేదు.

కొన్ని ఒప్పందాల్లో "పారిష్ కౌన్సిల్‌కి గానీ మేనేజ్‌మెంట్ కంపెనీకి గానీ" అని ఉంటుంది. అలా ఉంటే మీకు అదృష్టం.

కొత్తిల్లు_బెర్క్‌షైర్
ఇది ఎవరూ చెప్పలేదు. రాత్రి వెతుకుతా.

గోదారిగట్టు
మాదీ ఇలాంటి గోలేనండి, కాకపోతే మాకు హద్దు గొడవ. ఎస్టేట్ మధ్యలోంచి చిన్న కాలవ ఉందండి, కాలవకి ఇటుపక్క మా పారిష్, అటుపక్క పక్క ఊరు. ఏ పారిష్‌లో ఎంత నిర్మాణం పడిందో ఫ్లోర్ ఏరియా కొలిచి ఆ దామాషాలో పంచుతారండి. పెద్ద ఇళ్ళన్నీ అటు కట్టాడు, ఇటు అఫర్డబుల్ ఫ్లాట్లు. వాటికి లెవీ మినహాయింపు. ట్రాఫిక్ అంతా మా ఊరి మీదుగా, స్కూలు మా ఊళ్ళో, చెక్కు వాళ్ళకి. ఏం చేస్తామండి.

క్లర్కమ్మ
@గోదారిగట్టు హద్దు మార్చాలంటే కమ్యూనిటీ గవర్నెన్స్ రివ్యూ అడగాలి, 2007 చట్టం కింద. 500 నుంచి 2,500 మంది ఓటర్లున్న చోట 187 సంతకాలు చాలు, డిస్ట్రిక్ట్ దాన్ని పట్టించుకుని తీరాలి. కానీ ఇప్పటికే పంచిన డబ్బు తిరిగి రాదు.

గోదారిగట్టు
187 సంతకాలా? సంక్రాంతి పార్టీలో తీసుకోవచ్చండి, గారెలు వేడిగా ఉండగా.

నిజాంపేట_టు_లండన్
రెండు ఊళ్ళ వాళ్ళూ వచ్చేస్తారు, అప్పుడు ఏ ఓటరు ఎవరో తేల్చడానికి ఇంకో రివ్యూ.

పండుమిర్చి
ప్రశ్న పక్కదారి పడుతోంది. సంతకం పెట్టాలా వద్దా? నా ఓటు ఇప్పటికీ వద్దు. బరో దగ్గర ఉంటే కనీసం స్కూలుకో రోడ్డుకో వెళ్తుంది, పెవిలియన్‌కి కాదు.

క్లర్కమ్మ
ఇక్కడ మీతో ఏకీభవించను. బరో దగ్గర మిగిలిపోయిన డబ్బు పెద్ద ఖర్చులకి పోతుంది: జంక్షన్లు, సెకండరీ స్కూలు విస్తరణ. మీ ఎస్టేట్‌కి పది మైళ్ళ అవతల అయినా కావచ్చు. ఏటా డిసెంబరు 31లోపు బరో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఫండింగ్ స్టేట్‌మెంట్ పెట్టాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత పోగుపడి ఉంది అన్నీ అందులో ఉంటాయి. ఒకసారి తెరిచి చూడండి, పోగుపడింది ఎంతో చూస్తే మాట మారుస్తారు. అక్కడ ఉన్న డబ్బులో ఒక్క పౌండు మీ సందులోకి రప్పించాలంటే ఎవరిని పట్టుకుంటారు? పారిష్ అయితే తొమ్మిది మంది కౌన్సిలర్లు, వాళ్ళ ఇళ్ళు మీకు తెలుసు. కుక్కని తిప్పుకుంటూ ఎదురుపడతారు.

మిడ్‌ల్యాండ్స్_మావయ్య
ఇది నేనూ ఒప్పుకుంటా. పారిష్‌తో పోట్లాడటం వేరు, పారిష్ చేతికి వచ్చేదాన్ని ఆపడం వేరు. ముందు పళ్ళెంలోకి రానీ, తర్వాత ఎవరి ముద్ద ఎంతో చూసుకోవచ్చు.

పండుమిర్చి
పళ్ళెం వాళ్ళ ముందుంది కదా మావయ్యా, మన ముందు కాదు.

సైలెంట్‌రీడర్77
ఇన్నాళ్ళూ చదవడమే, మొదటిసారి రాస్తున్నా. మన ముందుకి ఎందుకు రాదు? పారిష్ ఎన్నికల్లో మనకి ఓటు ఉందా? నాది ఇండియన్ పాస్‌పోర్ట్, ఇంకా వీసా మీదే ఉన్నాను.

క్లర్కమ్మ
@సైలెంట్‌రీడర్77 ఉంది. ఇండియా కామన్‌వెల్త్ దేశం కాబట్టి చట్టబద్ధంగా వీసా మీద ఉన్నవాళ్ళు కూడా ఇక్కడ ఓటరుగా నమోదై ఓటేయొచ్చు. ఇది చాలామంది మనవాళ్ళకి తెలియదు, కౌన్సిల్ నుంచి వచ్చే నమోదు ఉత్తరం పారేస్తారు. కౌన్సిలర్‌గా నిలబడాలంటే మాత్రం ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉండాలి లేదా బ్రిటిష్ పౌరసత్వం. పారిష్‌లోనే ఉండక్కర్లేదు, పన్నెండు నెలలుగా మూడు మైళ్ళ లోపు ఉంటున్నా చాలు.

ఇంకో రహస్యం. చాలా పారిష్‌లలో పోటీయే ఉండదు, సీట్లు ఖాళీగా పడి ఉంటాయి. అప్పుడు కో-ఆప్షన్ అని ఎన్నిక లేకుండానే తీసుకుంటారు. నోటీసు బోర్డు మీద ఎ4 కాగితం పెడతారు, అద్దం వెనక తేమకి ముడుచుకుపోయి ఉంటుంది. అది చదివేవాళ్ళు లేక అదే పాత మొహాలు.

సైలెంట్‌రీడర్77
జీతం ఉంటుందా?

క్లర్కమ్మ
కౌన్సిలర్‌కి జీతం లేదు. టీ, ఒక బిస్కెట్.

ఓరుగల్లోడు
గా బిస్కెట్‌కు ఎవడు నిలవడ్తడు. మా ఊళ్ళ సర్పంచ్‌కు నిలవడితే ఇల్లు అమ్ముకుంటరు.

కొత్తిల్లు_బెర్క్‌షైర్
చెప్పినట్టే చేశాను. సెక్షన్ 106 దొరికింది, 64 పేజీలు. గీత గారూ, మీ మాట నిజం. "పారిష్ కౌన్సిల్‌కి ఇవ్వజూపాలి, వాళ్ళు కాదంటే మేనేజ్‌మెంట్ కంపెనీకి" అని స్పష్టంగా ఉంది. పారిష్‌కి ఇవ్వజూపినట్టు మినిట్స్‌లో ఎక్కడా లేదు. 2021 నుంచి అన్నీ తిరగేశాను. ఒక్కచోట మాత్రం "కొత్త ఎస్టేట్ ఓపెన్ స్పేస్, సమాచారం కోసం ఎదురుచూస్తున్నాం" అని ఉంది, తర్వాత ఆ అంశమే కనపడలేదు.

పారిష్ సిల్ రిపోర్ట్ కూడా చూశాను. వచ్చింది రెండు ముక్కలుగా, రెండు ఆర్థిక సంవత్సరాల్లో. మావయ్య చెప్పినట్టే. పైకప్పు, పెవిలియన్, ఇంకా ఒక స్పీడ్ డిస్‌ప్లే బోర్డు. ఆ బోర్డు మా ఎస్టేట్ ఎదురుగానే ఉందని ఇప్పుడు తెలిసింది, రోజూ దాని ముందు నుంచే వెళ్తున్నా.

పండుమిర్చి
34 అని చూపించి ఏడుపు మొహం పెట్టేది అదేనా? అది మనదేనన్నమాట!

ప్లాన్‌గీత
మినిట్స్ విషయం చాలా బలమైన పాయింట్. బిల్డర్ ఒప్పందం ప్రకారం పారిష్‌కి ఇవ్వజూపకపోతే అది ఉల్లంఘన. బరో సెక్షన్ 106 మానిటరింగ్ ఆఫీసర్‌కి రాయండి, ఒప్పందంలో ఆ పేరా నంబరు వేసి. పారిష్ ముందుకొచ్చి తీసుకుంటే అప్పగింతతో పాటు వచ్చే నిర్వహణ సొమ్ము కూడా వాళ్ళకే వస్తుంది.

నిజాంపేట_టు_లండన్
అలాగైతే ఎస్టేట్ చార్జీ తగ్గుతుందా?

ప్లాన్‌గీత
పార్కు భాగం వరకూ తగ్గాలి. రోడ్లు, చెరువు మిగిలే ఉంటాయి. మీ ట్రాన్స్‌ఫర్ డీడ్‌లో ఏం రాసుందో చూడాలి, ఊరికే ఆశ పెట్టుకోకండి.

మిడ్‌ల్యాండ్స్_మావయ్య
ఇప్పుడు బేరం కుదిరింది చూడు. సంతకం పెడతామని చెప్పు, బదులుగా పార్కు తీసుకునే తీర్మానం అజెండాలో పెట్టమను. అజెండా మూడు పూర్తి రోజుల ముందు బోర్డు మీద పెట్టాలి, కాబట్టి మీటింగ్ ముందు రోజు అడిగితే కుదరదు. నెల ముందే క్లర్క్‌కి మెయిల్ కొట్టు.

పండుమిర్చి
బేరమా, బెదిరింపా?

మిడ్‌ల్యాండ్స్_మావయ్య
పంచాయతీ.

క్లర్కమ్మ
క్లర్క్ తరఫున ఒక మాట. సంతకాలకీ పార్కుకీ ముడిపెట్టి ఉత్తరం రాయకండి, ఛైర్‌కి రోషం వస్తుంది. రెండూ వేరువేరుగా, ఒకే మీటింగ్‌కి. ప్రజలు మాట్లాడే సమయం సాధారణంగా తలా మూడు నిమిషాలు ఇస్తారు. ఎస్టేట్ నుంచి అయిదారుగురు వెళ్ళండి, అందరూ అదే పాట పాడకండి. ఒకరు సెక్షన్ 106 పేరా చదవాలి, ఒకరు పిల్లల సంఖ్య చెప్పాలి, ఒకరు సిల్ రిపోర్ట్ గురించి అడగాలి.

వాటా గొడవకి సంబంధించి పారిష్ చేతిలో ఉన్న దారులు తక్కువ. బరో చేసిన వాటా లెక్క మీద వాల్యుయేషన్ ఆఫీసుకి అప్పీలు లేదు. లోకల్ గవర్నమెంట్ ఆంబుడ్స్‌మన్ ఒక కౌన్సిల్ మీద ఇంకో కౌన్సిల్ పెట్టే ఫిర్యాదు తీసుకోరు. జుడీషియల్ రివ్యూకి, అంటే కోర్టుకి వెళ్ళాలంటే గడువు చిన్నది, ఖర్చు పెద్దది. అంచేత ముందు తేదీలూ లయబిలిటీ నోటీసూ పట్టుకుని ఆఫీసర్ స్థాయిలో రాతపూర్వకంగా అడగటం, తర్వాత మీ వార్డు బరో కౌన్సిలర్ చేత అడిగించడం. సంతకాల పిటిషన్ ఆ కౌన్సిలర్‌కే పనికొస్తుంది. వచ్చే ఎన్నికల్లో 130 ఇళ్ళ ఓట్లు ఎటో ఆయన లెక్కేసుకుంటాడు.

లెక్కలమాస్టారు
తేడా సొమ్ముని కౌన్సిలర్ ముందు పెట్టేటప్పుడు నా అంచనా కాకుండా బరో స్టేట్‌మెంట్‌లో వచ్చిన అసలు అంకె వాడండి. 100 చదరపు మీటర్లు అన్నది నేను వేసుకున్నది. అంకె ఒక్కచోట తప్పితే మిగతాదంతా వినరు.

కొత్తిల్లు_బెర్క్‌షైర్
సంతకం పెట్టాను. మా వీధిలో ఇంకో పదకొండు ఇళ్ళ వాళ్ళతో పెట్టించాను. పార్కు గురించి వేరే మెయిల్ క్లర్క్‌కి వెళ్ళింది, వచ్చే నెల అజెండాలో పెడతానని జవాబు కూడా వచ్చింది. లయబిలిటీ నోటీసు కోసం బరోకి రాశాను. కో-ఆప్షన్ సీటు ఒకటి ఖాళీ ఉందట. మా ఆవిడ అడుగుతోంది ఎన్ని మీటింగులని.

క్లర్కమ్మ
నెలకొకటి, ఆగస్టులో చాలాచోట్ల ఉండదు. ప్లానింగ్ కమిటీలో వేస్తే రెండు. ఆవిడనే పంపండి, మీరు పోస్టులు రాయడంలో బిజీ.

పండుమిర్చి
ఆవిడకి నా ఓటు.

తేమ్స్‌లోయ_తమ్ముడు
ఆలస్యంగా చూశా. మా డిస్ట్రిక్ట్‌లో సిల్ అసలు పెట్టలేదు, ఊరి చివర 300 ఇళ్ళకి అప్లికేషన్ పడింది. మా పారిష్‌కి ఈ 15, 25 శాతాలు ఏవైనా వర్తిస్తాయా? 2023 చట్టంలో కొత్త లెవీ ఏదో వస్తుందన్నారు కదా.

ప్లాన్‌గీత
వర్తించవు. సిల్ లేని చోట ఉండేది సెక్షన్ 106 ఒక్కటే, అందులో పారిష్‌కి హక్కుగా వాటా లేదు. 2023 చట్టంలోని కొత్త లెవీని అమలు చేయబోమని ప్రభుత్వం 2024లోనే చెప్పేసింది. కాబట్టి మీ పారిష్ ఇప్పుడే, అప్లికేషన్ మీద అభ్యంతరాల గడువు లోపలే, ఏం కావాలో రాసి ఇవ్వాలి. "నిధులు ఇవ్వండి" అంటే పనికిరాదు. ఆ 300 ఇళ్ళ వల్ల అవసరమైనదే అయ్యుండాలి, నేరుగా వాటికి సంబంధించినదై ఉండాలి, స్థాయికి తగినదై ఉండాలి. ఫలానా ఫుట్‌పాత్, ఇన్ని మీటర్లు, ఇంత ఖర్చు అని రాయించండి. గడువు ఎప్పుడు?

తేమ్స్‌లోయ_తమ్ముడు
శుక్రవారం.

ప్లాన్‌గీత
అయితే ఇక్కడ చదవడం ఆపి మీ క్లర్క్‌కి ఫోన్ చేయండి.